క్రికెట్‌లో మత్తు: మొదటిసారి దొరికిన కుర్రాణ్ణి ఏం చేయాలి?

మిడ్‌వికెట్
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. గోదావరి జిల్లాల్లో ఒక చిన్న అకాడమీలో క్రికెట్ కోచింగ్ ఇస్తాను. ఊరి పేరు చెప్పను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మా దగ్గర ఒక ఫాస్ట్ బౌలర్ ఉన్నాడు. పద్దెనిమిది నిండాయి. జిల్లా జట్టుకు ఆడాడు, ఈసారి అండర్-19 ప్రాబబుల్స్‌లో పేరుంటుందని అందరం అనుకున్నాం. వెన్నునొప్పితో సీజన్ మధ్యలో ఆగిపోయాడు. అప్పట్నుంచి మనిషి తేడాగా ఉన్నాడు. నెట్స్‌కి ఆలస్యంగా వస్తాడు, ఫీల్డ్ ఎక్కడ పెట్టాలో చెబితే ఓవర్ తిరిగేసరికి మర్చిపోతాడు. మొన్న కొత్త బంతి కోసం వాడి కిట్ బ్యాగ్ తీస్తే థైప్యాడ్ మడతలో గంజాయి చుట్టుకునే ఓసీబీ పేపర్ల ప్యాకెట్, పక్కనే కళ్ల ఎరుపు పోయే చుక్కల మందు దొరికాయి. సరుకు మాత్రం లేదు. అడిగితే ముందు బుకాయించాడు, తర్వాత బావురుమన్నాడు. ఎవరో సీనియర్ అలవాటు చేశాడట, "నొప్పికి మంచిది, నిద్ర పడుతుంది" అని.

అకాడమీ ఓనర్ గారు రేపే పంపించేయమంటున్నారు. ఒక్కడి కోసం మిగతా పిల్లలు పాడవుతారని ఆయన బాధ. వాళ్ల నాన్నకు ఇంకా చెప్పలేదు. చెబితే బెల్టు తీస్తాడు, చెప్పకపోతే రేపు నన్నే అంటాడు.

ఈ కుర్రాడి సంగతి ఎలాగూ చూసుకోవాలి. నాకు కావాల్సింది ఇంకొకటి. పెద్ద బోర్డులు ఇలాంటప్పుడు ఏం చేస్తాయి? మా అకాడమీకి రాతపూర్వకంగా ఒక రూల్ పెట్టుకుందామంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత బంతి
శనివారం, రాత్రి 9:58

ఓనర్ చెప్పిందే కరెక్ట్. గంజాయి బ్యాచ్ ఒక్కడితోనే మొదలవుతుంది. మా కాలనీ గ్రౌండ్‌లో సైట్ స్క్రీన్ వెనకాల చూస్తున్నాం కదా, సాయంత్రం ఆరు దాటితే ఆడవాళ్లు ఆ పక్కకు వాకింగ్‌కి కూడా పోవడం లేదు. ఒకణ్ణి పంపిస్తే మిగతా ముప్పైమందికి భయం ఉంటుంది. జాలి పడే చోటు కాదిది.

చార్మినార్ ఎండ్
శనివారం, రాత్రి 10:25

పాత బంతి అన్నా, అంత ఈజీ కాదు. నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్లు లీగ్ ఆడాను. మా టీమ్‌లో ఒక ఓపెనర్‌ని ఇట్లనే బయటికి పంపారు. భయం ఎవరికి వచ్చిందో తెలుసా? చెప్పేవాళ్లకు. ఆ తర్వాత ఎవడు ఏం తాగుతున్నాడో తెలిసినా ఒక్కడు నోరు విప్పలేదు. ఆ ఓపెనర్‌కి పొద్దున ఆరింటికి లేచే పని పోయింది, రోజంతా ఖాళీ. ఏ బ్యాచ్‌కి దూరం కావాలని పంపారో ఆ బ్యాచ్‌తోనే సెటిల్ అయిండు.

నాకు అసలు అర్థం కానిది వేరే ఉంది. 2019లో పృథ్వీ షా దగ్గు మందు తాగానన్నాడు, శాంపిల్‌లో టెర్బ్యుటలైన్ అనే నిషిద్ధ మందు వచ్చింది, ఎనిమిది నెలలు బ్యాన్. 2025 జనవరిలో సౌతాఫ్రికా ఫాస్ట్ బౌలర్ రబాడ అక్కడి లీగ్ ఆడేటప్పుడు కొకైన్‌కి దొరికిండు, ఒక్క నెలలో బయటపడ్డడు. ఏప్రిల్‌లో పర్సనల్ రీజన్స్ అని ఐపీఎల్ మధ్యలో ఇంటికి పోయిండు, మే మొదటి వారానికల్లా గుజరాత్ టీమ్‌కి మళ్లీ అందుబాటులోకొచ్చిండు. దగ్గు మందుకి ఎనిమిది, కొకైన్‌కి ఒకటి. ఇదేం లెక్క? లా తెలిసినవాళ్లు ఎవరన్నా చెప్పండి.

లెగ్ బిఫోర్
శనివారం, రాత్రి 11:10

నేను విజయవాడలో లాయర్ని. చెబుతాను, కాస్త ఓపికగా చదవండి.

ఇక్కడ రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయి. ఒకటి డోపింగ్, అంటే ఆట మెరుగుపడటానికి తీసుకునేది. రెండోది మత్తు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, అదే వాడా, దాని నియమావళి చాలాకాలం ఈ రెండింటినీ ఒకే కర్రతో కొట్టింది. 2021 జనవరి నుంచి అమల్లోకొచ్చిన కోడ్‌లో మాత్రం కొకైన్, హెరాయిన్, ఎక్‌స్టసీగా పిలిచే ఎండీఎంఏ, గంజాయిలోని టీహెచ్‌సీ, ఈ నాలుగింటినీ విడిగా పెట్టారు. మ్యాచ్ లేని సమయంలో వాడానని, ఆటతో దానికి సంబంధం లేదని ఆటగాడు నిరూపించుకుంటే నిషేధం మూడు నెలలు. ఆమోదించిన చికిత్సా కార్యక్రమం పూర్తి చేస్తే అది ఒక నెలకు తగ్గుతుంది. రబాడకు వర్తించింది అదే. న్యూజిలాండ్ ఆల్‌రౌండర్ డగ్ బ్రేస్‌వెల్‌కి 2024లో వర్తించిందీ అదే. అమెరికా పరుగుల రాణి షకారి రిచర్డ్‌సన్ 2021లో గంజాయికి దొరికి ఒక్క నెల నిషేధంతోనే టోక్యో ఒలింపిక్స్ పోగొట్టుకుంది. నెల అంటే చిన్నదేం కాదు, ఏ నెల అన్నదాన్ని బట్టి ఉంటుంది.

పృథ్వీ షా కేసు నాటికి ఈ వెసులుబాటు లేదు. ఉన్నా టెర్బ్యుటలైన్ ఆ నాలుగింటిలో లేదు, కాబట్టి మామూలు డోపింగ్ కేసే. పొరపాటున తాగానన్న మాట నమ్మారు కాబట్టే ఎనిమిది నెలలతో పోయింది. అప్పటికి బీసీసీఐ తన పరీక్షలు తానే చేసుకునేది. మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ నాడా కిందికి వచ్చింది ఆ తర్వాతే, 2019 ఆగస్టులో.

ఇంకో మెలిక ఉంది. వాడా లెక్కలో మ్యాచ్ సమయం అంటే ముందు రోజు రాత్రి 11:59 నుంచి మొదలు. ఈ నాలుగు మత్తు పదార్థాలూ ఆ సమయంలోనే నిషిద్ధం. నవంబర్‌లో, మ్యాచ్‌లు లేనప్పుడు, ఎవడైనా గోవా వెళ్లి ఏం పీల్చినా డోపింగ్ పరీక్షకు పట్టదు. అందుకే కొన్ని దేశాల బోర్డులు మత్తుకు ప్రత్యేకంగా సొంత పాలసీ పెట్టుకున్నాయి.

మన చట్టం సంగతి రేపు రాస్తాను. అది వేరే కథ.

లీసెస్టర్ లెఫ్టీ
ఆదివారం, తెల్లవారుజామున 3:05

లెగ్ బిఫోర్ గారు సొంత పాలసీ అన్నారు కదా, దానికి ఇంగ్లండే ఉదాహరణ. నేను ఇక్కడ వీకెండ్ లీగ్ ఆడతాను, క్లబ్ పెద్దాయనలు ఈ గొడవలన్నీ కథలు కథలుగా చెబుతారు.

1986లో ఇంగ్లండ్ ఆల్‌రౌండర్ బోథమ్ గంజాయి తాగానని పేపర్‌లో ఒప్పుకుంటే 63 రోజులు ఆట ఆపేశారు. పదేళ్ల తర్వాత ససెక్స్ బౌలర్ ఎడ్ గిడిన్స్ కొకైన్‌కి దొరికితే కౌంటీ కాంట్రాక్ట్ పోయింది, నిషేధమూ పడింది. అంటే పాత బంతి గారి పద్ధతే. దొరికినవాణ్ణి బయటికి తోలడం.

మార్పు వచ్చింది టామ్ మేనార్డ్ చనిపోయాక. సర్రీ బ్యాట్స్‌మన్, ఇంగ్లండ్ మాజీ ఆటగాడు మాథ్యూ మేనార్డ్ కొడుకు. వయసు 23. 2012 జూన్‌లో తెల్లవారుజామున కారు నడుపుతుంటే పోలీసులు ఆపారు. దిగి పారిపోయాడు. వింబుల్డన్ దగ్గర రైలు పట్టాల మీద శవమై దొరికాడు. విచారణలో ఒంట్లో మద్యం, కొకైన్, ఎండీఎంఏ ఉన్నట్టు తేలింది. అంతకంటే అందరినీ కుదిపింది జుట్టు పరీక్ష. ఆ ఒక్క రాత్రి సరదా కాదు, నెలల తరబడి వాడుతున్నాడని బయటపడింది. రోజూ అదే డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చున్న జట్టుకి అంతకాలం తెలియలేదు, లేదా తెలిసినా ఎవరూ అనలేదు.

ఆ తర్వాత 2013 నుంచి ఇంగ్లండ్ బోర్డు, ఆటగాళ్ల సంఘం కలిసి జుట్టు పరీక్షలు తెచ్చాయి. మూత్రంలో కొకైన్ రెండు, మూడు రోజుల్లో మాయమవుతుంది. జుట్టు నెలకు ఒక సెంటీమీటర్ పెరుగుతుంది కాబట్టి మూడు సెంటీమీటర్ల వెంట్రుక మూడు నెలల చరిత్ర చెబుతుంది. మొదటిసారి దొరికితే బయటికి చెప్పరు, ఆట ఆపరు. డాక్టర్, కౌన్సెలింగ్. రెండోసారి దొరికితే 21 రోజుల నిషేధం, జీతంలో 5 శాతం కోత. మూడోసారి దాకా వెళితే కెరీర్‌కే ఎసరు.

ఆటగాళ్ల సంఘం ఒప్పుకుని సంతకం పెట్టింది అన్నది ముఖ్యం. పైనుంచి రుద్దలేదు.

పాత బంతి
ఆదివారం, ఉదయం 7:30

మరి ఇంగ్లండ్ ఓపెనర్ అలెక్స్ హేల్స్ సంగతి చెప్పరేం? ఇంత గొప్ప పాలసీ ఉండి, రెండోసారి కూడా దొరికాడు. ముందు వ్యక్తిగత కారణాలు అని అబద్ధం చెప్పారు. 2019 ఏప్రిల్‌లో గార్డియన్ రాస్తే గానీ బయటపడలేదు. గుట్టు అంటే పెద్ద ప్లేయర్లను కాపాడుకోవడమే. మన ఊరి కుర్రాడికి ఆ గుట్టు ఎవరిస్తారు?

లీసెస్టర్ లెఫ్టీ
ఆదివారం, మధ్యాహ్నం 1:15

పాలసీ తన పని తాను చేసింది సార్. 21 రోజులు పడ్డాయి. తర్వాత వరల్డ్ కప్ జట్టు నుంచి తీసేసింది మాత్రం పాలసీ కాదు. నమ్మకం పోయిందని కెప్టెన్ మోర్గాన్ బహిరంగంగానే అన్నాడు. రాసుకున్న శిక్ష 21 రోజులు, అనుభవించింది దాదాపు మూడేళ్లు. నాకైతే అది అన్యాయమే అనిపించింది. రాసిన రూల్ మీద బోర్డుకే నమ్మకం లేకపోతే రేపు ఏ ఆటగాడు వచ్చి నిజం చెబుతాడు?

మళ్లీ తీసుకున్నాక ఏం చేశాడో మీకు నేను గుర్తు చేయనక్కర్లేదు. 2022 నవంబర్, అడిలైడ్ సెమీస్. 47 బంతుల్లో 86 నాటౌట్. బట్లర్‌తో కలిసి మనల్ని పది వికెట్ల తేడాతో ఇంటికి పంపాడు.

చార్మినార్ ఎండ్
ఆదివారం, మధ్యాహ్నం 1:22

ఆ మ్యాచ్ గుర్తు చేసినందుకు నిన్ను బ్యాన్ చేయాలి భయ్యా.

మెల్‌బోర్న్ మావయ్య
ఆదివారం, మధ్యాహ్నం 3:40

గుట్టు గురించి పాత బంతి గారి అనుమానం కొట్టిపారేయకండి. మా ఆస్ట్రేలియాలో ఏఎఫ్ఎల్ ఫుట్‌బాల్‌లో ఈ కథ ఇరవై ఏళ్లుగా నడుస్తోంది. 2005లో మూడు తప్పుల పాలసీ తెచ్చారు. మొదటి రెండుసార్లు బయటికి రాదు, మూడోసారి దొరికితేనే పేరు బయటపెట్టి శిక్ష. ఇదేం చోద్యమని జనం గోల పెట్టారు. 2015లో దాన్ని రెండుకు తగ్గించారు.

ఆ పాలసీ ఉండగానే బెన్ కజిన్స్ కథ జరిగింది. 2005లో లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ గెలిచాడు. 2006లో వెస్ట్ కోస్ట్ జట్టుతో కప్పు కొట్టాడు. 2007లో క్లబ్ తీసేసింది, లీగ్ ఏడాదిపాటు బహిష్కరించింది. అన్నీ మత్తు చుట్టూ జరిగినవే. అయినా లీగ్ చేసిన ఏ పరీక్షలోనూ అతను దొరకలేదు. పరీక్ష దొరకబుచ్చుకుంటుందని కూర్చుంటే ఇదీ గతి.

2024 మార్చిలో ఆండ్రూ విల్కీ అనే ఎంపీ పార్లమెంట్‌లో లేచి, క్లబ్ డాక్టర్లు ముందుగానే రహస్యంగా పరీక్షలు చేస్తున్నారని, ఒంట్లో సరుకు ఉన్నవాణ్ణి గాయం సాకు చెప్పి మ్యాచ్ నుంచి తప్పిస్తున్నారని ఆరోపించాడు. లీగ్ పెద్దలు సిగ్గుపడలేదు. ఆటగాడి ఆరోగ్యం కాపాడటం డాక్టర్ పని, అతని వైద్య వివరాలు కోచ్‌కి చెప్పాల్సిన పని లేదు అన్నారు. సగం మంది అది నిజమే అన్నారు, సగం మంది ఇది దాపరికం అన్నారు.

నా అభిప్రాయం అడిగితే, గుట్టు ఉండాలి. దానికి గడువూ ఉండాలి. చికిత్సకు వెళ్లినంత కాలమే గుట్టు. మానేసిన రోజు గుట్టూ పోవాలి. ఏఎఫ్ఎల్‌లో లోపించింది అదే అని నాకనిపిస్తుంది.

అమ్మ స్కోరర్
ఆదివారం, సాయంత్రం 5:20

నేను కోచ్‌నీ కాదు, డాక్టర్నీ కాదు. మా బాబు అండర్-16 ఆడతాడు. మ్యాచ్‌లకి తీసుకెళ్లి ఊరికే కూర్చోలేక స్కోరింగ్ నేర్చుకున్నాను.

పొద్దుట్నుంచి చదువుతున్నాను, బోర్డు, డాక్టర్, సంఘం అంటున్నారు గానీ తల్లిదండ్రుల మాట ఎవరూ ఎత్తలేదు. ఇంగ్లండ్‌లో 25 ఏళ్ల ప్రొఫెషనల్‌కి గుట్టు ఇవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నా పదిహేనేళ్ల పిల్లాడు గంజాయి తాగుతుంటే కోచ్‌కి తెలిసి నాకు చెప్పకపోతే ఆ కోచ్ మొహం మళ్లీ చూడను. మిడ్‌వికెట్ గారూ, ఆ అబ్బాయికి పద్దెనిమిది దాటాయన్నారు, సరే. మీ దగ్గర మిగతావాళ్లంతా ఎంత వయసువాళ్లు?

ఇంకో మాట. బెల్టు తీస్తాడన్న భయంతో నాన్నకు దాచడం కాదు, ఆయన బెల్టు తీయకుండా ఎలా చెప్పాలో చూడండి. ఒక్కరే ఇంటికి వెళ్లి చెబితే అది చాడీ. డాక్టర్ దగ్గరికి పిలిపించి, అబ్బాయి ఎదురుగా చెబితే మాట మీద మాట పడదు. మా బంధువుల్లో తాగుడు విషయంలో ఇలాగే చేశారు. మొదటి రోజు రభస జరిగింది, జరగలేదనను. కానీ కొట్టడం జరగలేదు.

ఇంకా చెప్పాలంటే, టోర్నమెంట్‌లకి వెళ్లినప్పుడు పిల్లల గదుల్లో రాత్రి ఎవరుంటున్నారు? సీనియర్‌నీ జూనియర్‌నీ ఒకే గదిలో ఎందుకు వేస్తున్నారు? మా బాబు ఒకసారి బయటూరి టోర్నమెంట్‌కి వెళ్తే మేనేజర్ గారు భోజనాలు కాగానే సొంత పని మీద వెళ్లిపోయి పొద్దున్నే వచ్చారట. పరీక్షలకు పెట్టే డబ్బుతో ముందు ఒక బాధ్యత గల మనిషిని పెట్టండి.

మోడరేటర్
ఆదివారం, సాయంత్రం 6:00

ఒక పోస్ట్ తీసేశాం. స్థానిక ఆటగాళ్ల పేర్లు, "ఫలానా వాడు కూడా తాగుతాడట" తరహా మాటలు ఇక్కడ వద్దు. మిగతా చర్చ కొనసాగించండి.

డాక్టర్ నైట్‌వాచ్‌మన్
ఆదివారం, రాత్రి 8:50

నేను సైకియాట్రిస్ట్‌ని, రోజూ ఈ వయసు పిల్లల్నే చూస్తుంటాను. ఆదివారం డ్యూటీ అయ్యాక ఇప్పుడే అంతా చదివాను.

ముందు మిడ్‌వికెట్ గారి రూల్‌కి పునాది లాంటి మాట. అసలు సంగతి ఎవరికి తెలుస్తుందో ఆ మనిషి జట్టుని ఎంపిక చేసే మనిషి కాకూడదు. కోచ్‌కి నిజం చెబితే సెలక్షన్ పోతుందనుకున్నవాడు ఎప్పటికీ చెప్పడు, మీరెంత మంచివారైనా సరే. అందుకే అకాడమీకి బయట ఒక డాక్టరో కౌన్సెలరో ఉండాలి. పిల్లవాడు ఆయన దగ్గరికి వెళ్తాడు. ఆయన మీకు చెప్పేది రెండే ముక్కలు: చికిత్సకు వస్తున్నాడు, రావడం లేదు. ఎప్పుడు మొదలుపెట్టాడు, ఎవరితో, ఎంత, ఇవేవీ మీకు అక్కర్లేదు. మావయ్య గారన్న గడువు కూడా ఇందులోనే ఇమిడిపోతుంది.

అమ్మ స్కోరర్ గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. మైనర్ అయితే తల్లిదండ్రులు లేకుండా చికిత్స అన్న మాటే లేదు.

ఇక పరీక్షలు. ఎవరో ఒకరు రేపు "స్ట్రిప్ కిట్లు కొందాం, అందరికీ టెస్ట్ పెడదాం" అంటారని తెలుసు. వద్దు. ఆ కిట్లు ప్రాథమిక పరీక్షకే. జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్‌కి కూడా యాంఫెటమైన్ అనే మత్తు మందు ఉందని గీత చూపించగలవు. ల్యాబ్‌లో నిర్ధారణ పరీక్ష చేస్తే గానీ ఎవరి మీదా మాట వేయకూడదు. గంజాయితో ఇంకో చిక్కు. రోజూ తాగేవాడు మానేసిన తర్వాత కూడా వారాల తరబడి మూత్రంలో కనిపిస్తుంది. నిన్న తాగాడా, మానే ప్రయత్నంలో ఉన్నాడా అన్నది గీత చెప్పదు. కష్టపడి మానేస్తున్న కుర్రాణ్ణి ఆ గీత చూపించి పంపించేస్తే ఏమవుతుందో చార్మినార్ ఎండ్ గారు ముందే రాశారు.

భయపెట్టే లెక్చర్లు కూడా పెద్దగా పనిచేయవు. పుర్రె బొమ్మ పోస్టర్, ఒక అధికారి ప్రసంగం, చివర్లో ప్రతిజ్ఞ, గ్రూప్ ఫోటో. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల విభాగం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2018లో తెచ్చిన నివారణ ప్రమాణాల్లో ఈ మాట స్పష్టంగానే ఉంది. సమాచారం ఇచ్చి భయం పుట్టించినంత మాత్రాన వాడకం తగ్గుతుందనడానికి ఆధారం లేదు. అందులో మనకు మింగుడుపడనిది ఇంకొకటి కూడా ఉంది. ఆటల్లో పెడితే చాలు, పిల్లలు చెడిపోరు అనేది కూడా నిజం కాదట. కొన్నిచోట్ల జట్టు ఆటల్లో ఉన్నవాళ్లే ఎక్కువ తాగుతున్నారు.

ఏ సమయంలో పట్టు తప్పుతారు అన్నది చూడండి. గాయం. జట్టు నుంచి తీసేయడం. సీజన్ అయిపోయాక ఖాళీ నెలలు. నా దగ్గరికొచ్చే ఆటగాళ్లలో ఎక్కువమంది ఈ మూడు తలుపుల్లో ఏదో ఒకదాన్నుంచే వస్తారు. ఈ అబ్బాయి మొదటి తలుపు నుంచి వచ్చాడు. గాయపడినవాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టకుండా రోజూ గ్రౌండ్‌కి రప్పించండి. అంపైరింగ్ చేయించండి, చిన్నపిల్లలకు త్రోడౌన్స్ (బ్యాటింగ్ ప్రాక్టీస్‌కి చేత్తో విసిరే బంతులు) వేయించండి, ఏదో ఒకటి. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా వాడికి ఒక పని ఉండాలి.

నొప్పి మాత్రల మీద కూడా కన్నేయండి. ట్రమడాల్‌ని వాడా 2024 జనవరి నుంచి మ్యాచ్‌ల సమయంలో నిషేధించింది. మన దేశంలో 2018 నుంచే అది నార్కోటిక్స్ చట్టం కిందికి వచ్చింది. అయినా ఫాస్ట్ బౌలర్ల కిట్ బ్యాగుల్లో సగం వాడిన పట్టీలు నేను చూశాను.

లెగ్ బిఫోర్
ఆదివారం, రాత్రి 9:35

డాక్టర్ గారు రాసినదానికి చట్టం వైపు నుంచి కలుపుతాను.

ఇంగ్లండ్ పాలసీని దించుకుందామంటే మనకు అడ్డొచ్చేది 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అదే ఎన్‌డీపీఎస్ చట్టం. మన దగ్గర వాడటమే నేరం. 27వ సెక్షన్ ప్రకారం కొకైన్, హెరాయిన్ లాంటివైతే ఏడాది దాకా జైలు లేదా 20 వేల దాకా జరిమానా, లేదా రెండూ. గంజాయి లాంటివాటికి ఆరు నెలలు, 10 వేలు. అందుకే ఇంటివాళ్లు, కోచ్‌లు భయపడి మూసిపెడతారు.

కానీ అదే చట్టంలో 64ఏ అని ఒకటుంది, దాని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ. మత్తుకు బానిసైనవాడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనో చికిత్సకు వెళితే, వాడకం కేసుకూ చిన్న మొత్తం కేసుకూ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ తీసేయొచ్చు. చూశారా, మావయ్య గారి గడువు మన చట్టంలో ఎప్పట్నుంచో ఉంది.

మిడ్‌వికెట్ గారికి ప్రత్యేకంగా ఒక జాగ్రత్త. పేపర్లు, చుక్కల మందు దొరికాయి, సరుకు దొరకలేదు. మంచిదైంది. రేపెప్పుడైనా సరుకే దొరికితే "సాక్ష్యం" అని మీ డ్రాయర్‌లో దాచకండి. అది మీ దగ్గరున్నట్టే లెక్క.

అలవాటు చేసిన ఆ సీనియర్ సంగతి మాత్రం వేరు. మైనర్‌కి మత్తు పదార్థం ఇస్తే జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష దాకా జరిమానా. పిల్లలతో అమ్మించినా, మోయించినా 78 కింద అంతే. అక్కడ గుట్టూ లేదు, మొదటి తప్పూ లేదు. ఆంధ్రలో మత్తు పదార్థాల మీద పనిచేసే పోలీసు ఈగల్ విభాగానికి 1972కి ఫోన్ చేయొచ్చు.

చార్మినార్ ఎండ్
ఆదివారం, రాత్రి 10:10

ఇంకో కోణం ఎవరూ టచ్ చేయలేదు. బ్రెండన్ టేలర్.

జింబాబ్వే కెప్టెన్‌గా చేసినోడు. 2019 అక్టోబర్‌లో ఎవరో వ్యాపారి స్పాన్సర్‌షిప్ మాట్లాడదాం, టీ20 లీగ్ పెడదాం అని ఇండియాకి పిలిచిండు. వచ్చినందుకు 15 వేల డాలర్లన్నాడు. చివరి రోజు రాత్రి పార్టీలో కొకైన్ ఇచ్చిన్రు. వాళ్లూ తీసుకున్నరు, ఇతనూ తీసుకున్నడు. తెల్లారి ఆరుగురు హోటల్ గదిలోకి జొరబడి వీడియో చూపించిన్రు. స్పాట్ ఫిక్సింగ్ చేయకపోతే బయటపెడతామన్నరు. ఆ 15 వేలే అడ్వాన్స్ అయిపోయింది. ఫిక్సింగ్ ఏం చేయలేదంటాడు, కానీ ఐసీసీకి చెప్పడానికి నాలుగు నెలలు పట్టింది. 2022 జనవరిలో మూడున్నరేళ్ల బ్యాన్ పడింది. 2021 సెప్టెంబర్‌లో ఐర్లాండ్‌తో మ్యాచ్ రోజు కొకైన్ టెస్ట్‌లో దొరికినందుకు విడిగా పడ్డది ఒక్క నెలే.

అంటే కొకైన్‌కి నెల, దాచినందుకు మూడున్నరేళ్లు. పాత బంతి అన్నా, బుకీలకు కావలసింది ఈ భయమే. చెబితే కెరీర్ పోతుందనుకునే ప్లేయర్ వాళ్లకు బంగారు బాతు. మన పిల్లలు రేపు లీగుల్లోకి పోతారు, నాలుగు డబ్బులు చూస్తారు, ఎవడో ఒకడు పార్టీకి పిలుస్తాడు. "తప్పు చేస్తే ఫలానా నంబర్‌కి ఫోన్ చెయ్, నీ ఆట పోదు" అని ఇప్పుడు చెప్పకపోతే అప్పుడు ఎవరికి చెప్పుకుంటారు?

పాత బంతి
ఆదివారం, రాత్రి 10:32

ఫిక్సింగ్ సంగతి ఆలోచించాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. మిగతా పిల్లలకు ఎలాగూ తెలిసిపోతుంది, చిన్న ఊళ్లో గుట్టు ఎన్నాళ్లు దాగుతుంది? ఏం చేసినా ఏం కాదు అనుకోరా?

డాక్టర్ నైట్‌వాచ్‌మన్
ఆదివారం, రాత్రి 10:50

అనుకునేవాళ్లు కొందరుంటారు. అందుకే రూల్ అందరికీ తెలియాలి, కేసు ఎవరికీ తెలియకూడదు. "మొదటిసారి చికిత్స, రెండోసారి ఇన్నాళ్లు ఆట బంద్" అని నోటీస్ బోర్డు మీదే పెట్టండి. అప్పుడు అది మెతకదనంలా కనిపించదు.

మిడ్‌వికెట్
సోమవారం, ఉదయం 6:15

రాత్రంతా చదివాను. అందరికీ చాలా థాంక్స్. ఓనర్ గారికి చూపించడానికి ఇలా రాసుకున్నాను, తప్పులుంటే చెప్పండి.

ఎవరైనా తనంతట తాను వచ్చి చెబితే శిక్ష ఉండదు, వెంటనే డాక్టర్ దగ్గరికి. మేం కనిపెడితే అదీ మొదటిసారైతే చికిత్స తప్పనిసరి. ఆ కాలంలో ప్రాక్టీస్ ఉంటుంది, మ్యాచ్‌ల సంగతి డాక్టర్ సరే అన్నాకే. చికిత్స మానేసినా, రెండోసారి దొరికినా ఒక సీజన్ అకాడమీ తరఫున ఆట లేదు. పద్దెనిమిది లోపు వాళ్లయితే అమ్మానాన్నలు డాక్టర్ ఎదుట కూర్చోవాల్సిందే. ఇతరులకు ఇచ్చినవాడు, అమ్మినవాడు ఎవరైనా సరే అదే రోజు బయటికి, పోలీసులకు చెబుతాం. బయటూరి టోర్నమెంట్‌లో రాత్రి ఒక పెద్ద మనిషి పిల్లల అంతస్తులోనే పడుకోవాలి, సీనియర్లకు వేరే గదులు. అమ్మ స్కోరర్ గారూ, ఇది మీదే. మా దగ్గర సగం మందికి పైగా పదహారు లోపే.

నోటీస్ బోర్డు మీద 14446, 14416 రెండు నంబర్లూ పెడతాం. మొదటిది మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్, రెండోది మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్.

అమ్మ స్కోరర్
సోమవారం, ఉదయం 6:40

బాగుంది. డాక్టర్ ఎవరు? ఓనర్ గారి బావమరిది అయితే మాత్రం ఇదంతా వృథా.

మిడ్‌వికెట్
సోమవారం, ఉదయం 6:52

నవ్వొచ్చింది గానీ నిజంగానే ఆయన బావమరిది డాక్టరే, పిల్లల డాక్టర్. వద్దని చెబుతాను. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో డీ-అడిక్షన్ ఓపీ ఉంది, అక్కడ కనుక్కుంటాను.

డాక్టర్ నైట్‌వాచ్‌మన్
సోమవారం, ఉదయం 7:05

ప్రభుత్వాసుపత్రే మంచిది, లెగ్ బిఫోర్ గారన్న 64ఏకి కూడా అదే పనికొస్తుంది.

ఒకటి అడగటం మర్చిపోయాను. ఆ వెన్నునొప్పికి ఏం చేశారు? ఎమ్మారై తీశారా?

మిడ్‌వికెట్
సోమవారం, ఉదయం 7:11

ఎక్స్‌రే తీశారు. ఏం లేదన్నారు. బెల్టు పెట్టుకోమని, రెస్ట్ తీసుకోమని పంపించారు.

డాక్టర్ నైట్‌వాచ్‌మన్
సోమవారం, ఉదయం 7:20

ఈ వయసు ఫాస్ట్ బౌలర్‌కి నడుము వెన్నుపూసలో స్ట్రెస్ ఫ్రాక్చర్ సర్వసాధారణం, మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. నొప్పి అలాగే ఉండి "ఏం లేదు, నటిస్తున్నాడు" అనిపించుకుంటే వాడు నిద్ర కోసం ఏదో ఒకటి వెతుక్కుంటాడు. ముందు స్పోర్ట్స్ తెలిసిన ఆర్థోపెడిక్‌కి చూపించండి. వాళ్ల నాన్నతో మాట కూడా అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. వెన్ను గురించి రమ్మంటే వస్తారు.

మిడ్‌వికెట్
సోమవారం, రాత్రి 9:30

వాళ్ల నాన్న గారు బుధవారం వస్తానన్నారు. స్కాన్ అంటే ఎంతవుతుందని అడిగారు, సగం అకాడమీ పెట్టుకుంటుందని ఓనర్ గారే ఫోన్ లాక్కుని చెప్పారు. కాగితం మీద ఆయన ఒక్క లైన్ మార్చమన్నారు. రెండోసారికి ఒక సీజన్ చాలదట, రెండు సీజన్లు కావాలట. బేరం నడుస్తోంది.

కుర్రాడు ఈరోజు వచ్చాడు. అండర్-12 పిల్లలకు త్రోడౌన్స్ వేయమన్నాను. వెన్ను కదా, నిలబడి మెల్లగా, చేతితో మాత్రమే.

పాత బంతి
సోమవారం, రాత్రి 9:41

రెండు సీజన్లే పెట్టండి. ఓనర్ గారికి నా ఓటు. స్కాన్ డబ్బులకి ఎక్కడైనా తక్కువ పడితే నాకు మెసేజ్ పెట్టండి.